ఉత్త ద్రావకం

అయినా ఆ పిల్లకి అంత సంబరమెందుకు, ఇకిలించి ఆ పళ్ళన్నీ ఎవరికి చూపించాలని, పుట్టగొడుగు రసం డీఎన్‌ఏకి నకలు తీసే ఎంజైముని ఆపితే ఆపింది, నకలు ఆగితే క్యాన్సర్ కణం పెరగదు, సరే, లోకం బాగుపడింది, దానికి అక్కా చూశావా, అక్కా చూశావా అని ల్యాబంతా జెల్ ఫొటో పట్టుకుని తిరగాలా, చూసింది తను, కళ్ళు మండేదాకా చూసింది, మిగతా వరసల్లో నకళ్ళు తయారై గీతలు వెలుగుతుంటే ఆ పిల్ల రసం వేసిన వరస ఒక్కటే చీకటి, ఆ చీకటే గెలుపు, ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దసారు తనవైపే చూసి నవ్వాడు, చెవులట, పట్టి మెలిపెట్టకుండా వదిలాడు, అదే పదివేలు.

అదీ తను కాదన్న పుట్టగొడుగు, పుచ్చిన దుంగ మీంచి తనే కోసుకొచ్చి, ఎండబెట్టి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైన తేలిన నూనె తెట్టుని గరిటెతో తీసి పారబోసి, ఇందులో ఏం లేదు పొమ్మంది, ఉన్నదంతా ఆ తెట్టులోనే ఉందట, తను ఉడికించకుండా వదిలేసిన పొడిని నూనె కరిగించే ద్రావకంలో నానబెట్టి ఆ పిల్ల తేల్చింది, ఇంట్లో చెప్పుకుంటే మొగుడు, ఆ అమ్మాయికి దొరికితే నీ కంచంలో ముద్ద తగ్గుతుందా ఏంటే అని అటు తిరిగి పడుకున్నాడు, తగ్గుతుంది, ఆయనకేం తెలుసు, అప్పుడు తట్టింది, ద్రావకం, పుట్టగొడుగు లేకుండా ఉత్త ద్రావకం వేసిన గొట్టం ఆ పిల్ల పెట్టనేలేదు, ఎంజైముని ఆపింది ఆ ద్రావకమే అయితే, రేపు మధ్యాహ్నం మీటింగులో అందరిముందూ లేచి, తేనె పూసిన గొంతుతో, చెల్లీ అదొక్కటి చూశావా అంటే చాలు.

అందుకే, ముందు తేల్చుకుందామని, పొద్దున్నే ఎవరూ రాకముందే వచ్చి ఆ గొట్టం తనే పెట్టింది, జెల్‌ని దీపం మీదికి జరుపుతూ, చీకటిగా ఉండాలి, చీకటిగా ఉండాలి అని గొణుక్కుంది, గీత వెలిగింది, తెల్లగా, నిండుగా, ద్రావకం ఏ పాపమూ ఎరగదు, ఎంజైముని ఆపింది పుట్టగొడుగే.

వెనక తలుపు చప్పుడు, ఇంత పొద్దున్నే వచ్చేశావేంటక్కా, టీ అన్నా తాగావా, అయ్యో, ఉత్త ద్రావకం, మర్చేపోయాను చూడు, నా కోసం నువ్వు పెట్టావా, భుజం మీద ఆ పిల్ల చెయ్యి, ఈ పిల్ల ఓడాలనే కదా కోరుకుంది, అంతే అనుకుంది ఇంతసేపూ, కాదు, ఒక మందు పుట్టకుండానే చావాలని మొక్కుకుంది తను.