హనోకు తుపాకీ తుడవని రోజులు

మా ఇంట్లో నాకు సవతి ఉంది. నల్లగా, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వంట చేయదు, వాకిలి ఊడ్వదు, అయినా మా ఆయన రోజూ సాయంత్రం గంటసేపు దాని ఒళ్లే తుడుస్తాడు. దాని పేరు పాయింట్ టూ టూ రైఫిల్.

మా ఆయన పేరు హనోకు. మిలిటరీలో హవల్దారుగా చేసి, రిటైరై నారాయణఖేడ్ వచ్చాక, పందుల నుంచి, చిలకల నుంచి జొన్న చేను కాపాడుకుంటానని దరఖాస్తు పెట్టి లైసెన్సు తెచ్చుకున్నాడు. తను ఊళ్లో లేనప్పుడు కాపలాకు పనికొస్తానని అందులో నా పేరు కూడా రాయించాడు. రాయించాడే గాని ఒక్కనాడు ముట్టనిచ్చాడా? "నీ చేతులకు ఉప్పుంటది గ్రేసమ్మా, ఇనుము తుప్పు పడ్తది" అనేవాడు. ఆ ఉప్పు చేతులతో వండిన కూర మాత్రం మళ్లీ మళ్లీ వడ్డించుకుని తినేవాడు.

సాయంత్రం కాగానే చాప పరిచేవాడు. బోల్టు ఊడదీసి, ఇత్తడి బరువు కట్టిన తాడును గొట్టంలోకి జారవిడిచి, దాని చివర గుడ్డముక్క దూర్చి అటు నుంచి లాగేవాడు. ఆ ముక్కను మిలిటరీ వాళ్లు చిందీ అంటారట. చిందీ తెల్లగా బయటికి వచ్చేదాకా లాగుతూనే ఉండేవాడు. ఆ గంటలో ఇల్లు అంటుకుందని చెప్పినా "ఊఁ" అనేవాడే తప్ప తల ఎత్తేవాడు కాదు. నౌకరీలో ఉన్నన్నాళ్లూ సెలవు దొరికినప్పుడే ఇంటికి వచ్చిన మనిషి. రిటైరైతే రోజూ నా పక్కన కూర్చుని చాయ్ తాగుతాడని, నాలుగు మాటలు చెబుతాడని ఎంత ఆశపడ్డానో! వచ్చాడు, కూర్చున్నాడు, దాని పక్కన.

2007 క్రిస్మస్ ముందు నా పెళ్లి చీరకు కాస్త ఎండ తగిలిద్దామని పెట్టె తెరిచాను. మా చర్చి పెళ్లిళ్లలో తెల్ల చీరే కడతారు. మడత విప్పితే కొంగు పక్కన అరచేయంత ముక్క లేదు. ఎలుక కొరికితే వంకరటింకరగా ఉంటుంది కదా, ఇది నాలుగు మూలలూ సరిగ్గా, కత్తెరతో కోసినట్టుంది. అంత పద్ధతిగా కోసే ఎలుక ఈ జిల్లాలో ఒక్కటే ఉంది.

"మెత్తగ ఉండె" అన్నాడు హనోకు, నేల చూస్తూ. "లోపలి మడత గద, కనబడదనుకున్న."

నేను ఎత్తుకున్న గొంతుకు పక్క చేను గులాం నబీ పరుగెత్తుకొచ్చాడు. ఎవరో పోయారనుకున్నాడట. సంగతి విని తల పట్టుకున్నాడు.

"అరె హనోకూ, పాగల్ అయినవా? పాయింట్ టూ టూను రోజూ ఎవడన్న తుడుస్తడా? మా అబ్బాకు గిసొంటిదే ఉండె. దీని తూటాకు మైనం లెక్క పూత ఉంటది, గొట్టాన్ని అదే కాపాడ్తది. ఏడాదికోసారి తుడిస్తె బహుత్."

మా ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. "నాకు చెప్తవా? వారం తుడవకుంటె పేలది. పేలినా గొట్టం పగుల్తది, మొఖం మీదికొస్తది."

నాకు ఇంకేం కావాలి? కొంగు దోపి ముందుకొచ్చాను. "అయితె చూద్దాం హవల్దారూ. జొన్న కోతకొచ్చేదాక తుడవొద్దు. రోజూ పొద్దుగాల గట్టు మీద డబ్బా పెట్టి ఒక్క గుండు కాల్చాలె. ఒక్కసారి పేలకున్నా ఈ చీర మొత్తం నా చేత్తోని చిందీలు చేసిస్త. ఆఖరిదాక పేలిందనుకో, ఆ సాయంత్రం గంట నాది. నేను సచ్చేదాక నాదే."

"ఒప్పుకున్న" అన్నాడు, ఛాతీ విరిచి.

తీర్పరి నబీ అన్న. ఆయన ఊరుకోక ఇంకో మెలిక పెట్టాడు. "కోత మొదలైన నాడు ఆఖరి గుండు గ్రేసమ్మ చెల్లె కాల్చాలె. లైసెన్సుల పేరున్నది గద." ఆ మాటకు మా ఆయన మొహం వాడిపోయింది. తాడు, నూనె, చిందీలు ఉన్న డబ్బాను నబీ అన్న చంకలో పెట్టుకుని తన ఇంటికి తీసుకుపోయాడు. ఆ డబ్బా పోతుంటే హనోకు చూసిన చూపు, నన్ను వదిలి డ్యూటీకి పోయేటప్పుడు కూడా చూడలేదు.

పందెం మొదలైంది. పొద్దున్నే మంచు పడే చేను, దుమ్ము, మంచె మీద రాలిన జొన్న పొట్టు, అన్నీ దాని మీదే. మా ఆయన గట్టు మీద డబ్బా పెట్టి, వెనక ఎత్తు మట్టి ఉందో లేదో చూసుకుని, ఊపిరి బిగబట్టి ట్రిగ్గరు నొక్కేవాడు. టప్. డబ్బా ఎగిరి పడేది. నేను చప్పట్లు కొట్టేదాన్ని. గురి తగిలినందుకు అంత దిగులుపడ్డ సిపాయిని నేనైతే చూడలేదు. ఆ చిన్న చప్పుడుకు చిలకలు కూడా ఒక కంకి మీంచి లేచి పక్క కంకి మీద వాలేవి. వాటిని నిజంగా తరిమింది మంచె మీద కాపలాకు వచ్చే బసమ్మ వడిసెల రాళ్లే.

ఇక ఇంట్లో ఆయన చేతులు ఊరుకుంటేనా! తుడిచే అలవాటు ఎటు పోతుంది? నా రాగి బిందె తోమాడు. కిటికీ ఊచలు తోమాడు. ఒకరోజు నబీ అన్న స్కూటరు మా వాకిట్లో ఆగితే, ఆయన లోపల మంచినీళ్లు తాగి వచ్చేలోపు దాని చక్రాల చువ్వలు తళతళా మెరుస్తున్నాయి. "చెల్లే, పందెం ఇంకో నెల పెంచుదామా? మా బర్రెను గూడ తోలుకొస్త" అన్నాడు నబీ అన్న.

సాయంత్రం గంట మాత్రం మొదట్లో నరకమే. చాయ్ గ్లాసు పట్టుకుని కాపలా డ్యూటీలో ఉన్నట్టు బిగుసుకుని కూర్చునేవాడు. "చాయ్ మంచిగుంది" అనేవాడు. అంతే, ఇంకో మాట లేదు. నేనేమో మొండిదాన్ని, లేవనిచ్చేదాన్ని కాదు.

ఒకనాడు తనంతట తనే నోరు విప్పాడు. మంచు కొండల మీద ఉన్నప్పుడు మన రొట్టె గుర్తొచ్చి, ఎక్కడో జొన్నపిండి సంపాదించి రొట్టె చేశాడట. అది ఎంత గట్టిగా వచ్చిందంటే, ఎవరూ కొరకలేక, టెంటు తాడుకు కట్టే మేకు దిగగొట్టడానికి వాడారట. నేను నవ్వి నవ్వి చాయ్ ముక్కులోంచి వచ్చింది. ఈ మనిషికి నవ్వించడం వచ్చని ఇన్నేళ్లు నాకు తెలియదు, చూడండి! మర్నాడు ఇంకోటి చెప్పాడు. ఆ తర్వాత నేను గ్లాసు కడగడానికి లేస్తుంటే "ఆగు, అయిపోలేదు" అన్నాడు.

అప్పుడు పట్టుకుంది నాకు భయం. పందెం పెట్టినప్పుడు చీర మీద కోపమే. ఇప్పుడు అట్లా కాదు. ఆ పాడు తుపాకీ ఒక్కసారి మొరాయిస్తే ఈ గంట మళ్లీ దాని పాలే. రోజూ పొద్దున ఆయన గురి చూస్తుంటే, నేను వెనక నిలబడి కళ్లు మూసుకుని, "ప్రభువా, పేల్చు తండ్రీ" అని ప్రార్థించేదాన్ని. మా పాస్టరు వింటే ఏమనేవాడో!

అది పేలుతూనే ఉంది. బోల్టు కాస్త గరగరమన్నా, బయటంతా మట్టి అట్ట కట్టినా, పేలుతూనే ఉంది. జనవరి ఆఖరుకు చేను పండింది.

కోత నాడు చలి వణికించేస్తోంది. కూలీలు కొడవళ్లు పక్కన పెట్టి మా వెనక గట్టు మీద వరసగా కూర్చున్నారు, తమాషా చూడ్డానికి. నబీ అన్న ఎదురు గట్టు మీద గురి డబ్బా పెట్టి వచ్చాడు. హనోకు తుపాకీ నా చేతికి ఇవ్వడానికి గుంజాటన పడ్డాడు.

"నేను కాలుస్తగని, నీకెందుకు?"

"మాట మాటే. ఇయ్యి ఇటు."

ఇచ్చాడు. వెనక కర్ర బట్టును నా భుజానికి ఆనించి, నా చెంపను ఆ కర్ర మీదికి వంచి, రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ ఒకడుగు ముందుకు వచ్చాడు. నేను డబ్బాను చూశాను. మనసులో ప్రార్థన చేసుకుని నొక్కాను.

టిక్.

అంతే. పేలలేదు.

"కదలకు! గొట్టం మూతి ఎదురు గట్టు దిక్కే ఉంచు!" అని అరిచి, కాసేపు ఆగి, నా చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు. బోల్టు వెనక్కి లాగితే తూటా బయటపడింది. దాని అంచు మీద బోల్టులోని పిన్ను గట్టిగా కొట్టిన గుంట పడాలి. గోరు ఆనినంత గుర్తు మాత్రమే పడింది.

ఇన్నాళ్లు పేలి పేలి, నా చేతిలోకి వచ్చాకే చచ్చిందా?

నబీ అన్న బోల్టు తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. లోపల తెల్లగా ఏదో పేరుకుని ఉంది. గోటితో గీకి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. హనోకు వైపు తిరిగాడు.

"ఏంది హనోకూ, కొబ్బరినూనెనా ఇది?"

మా ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మసి తోని ఆగలే ఇది. నూనె తోని ఆగింది. కరగబెట్టి బాగ పోసినవ్, చలికి లోపల గడ్డకట్టింది. పిన్ను ఎట్ల ఉరుకుతది?"

అర్థమైంది నాకు. తెల్లవారుజామున నేను పాలకు పోయినప్పుడు, తన డబ్బా చేతిలో లేదని, నా తలనూనె తీసి దాన్ని తుడిచాడు. నా ఒళ్లు మండిపోయింది. కూలీలు ఉన్నారని కూడా చూడలేదు.

"ఆఖరి రోజు గూడ ఆగలేవా? నా పక్కన గంట కూసునుడు అంత బరువైందా నీకు? నేను గెలుస్తనని తెలిసి, కావాలనే చెడగొట్టినవ్ గద!"

"గట్ల కాదు" అన్నాడు. "ఇన్నొద్దులు నేను కాల్చిన. పగిలితె నా మొఖం పగుల్తదని ఊకున్న. ఇయ్యాల దానికి ఆనేది నీ చెంప గద గ్రేసమ్మా. నాతోని కాలే."

నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు కూడా.

నబీ అన్న గొంతు సవరించుకున్నాడు. "తీర్పేం జెప్పాలె ఇగ?"

"పేలలే. నేనే ఓడిన అని చెప్పు" అన్నాను.

"రూల్ తప్పింది నేను. నేనే ఓడిన" అన్నాడు హనోకు.

"నువ్వెట్ల ఓడుతవ్? నేను నొక్కినా పేలలే!"

"నేను తుడిచినంకనే గద పేలనిది!"

"యా అల్లా" అన్నాడు నబీ అన్న. "ఓడేటందుకు కొట్లాడేటోళ్లను మిమ్ములనే చూసిన. పోండ్రి, జొన్న కోయుండ్రి."

సాయంత్రం హనోకు చాప పరిచాడు. నబీ అన్న దగ్గర్నుంచి డబ్బా తెచ్చుకున్నాడు, అయిపోయింది ఇక, అనుకున్నాను. డబ్బా లేదు. బజారుకు పోయి కొన్న కొత్త నూనె సీసా చేతిలో ఉంది. పొయ్యి పక్కన పెట్టి కరిగించినట్టున్నాడు.

"కూసో" అన్నాడు. "నీ తలకు నూనె లేకుంట చేసిన గద."

నా వెనక కూర్చుని జడ విప్పాడు. ఒక్కో పాయ విడదీసి, వెలుతురుకు పట్టి చూసి, కుదుళ్ల నుంచి చివరి దాకా రాశాడు. చిక్కు పడిన చోట లాగలేదు, ఓపికగా వేళ్లతో విప్పాడు. మధ్యమధ్యలో మిలిటరీ ముచ్చట్లు చెబుతున్నాడు.

దారిన పోతున్న బసమ్మ ఆగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏందమ్మా, ఈ వయసుల గిదేం షోకు? ఎంతసేపు పెడ్తడు?"

ఆయన తల ఎత్తలేదు. "ఇంక సగం ఉంది" అన్నాడు.