అగ్గిపెట్టె మర్చిపోయిన మనిషి

"అగ్గిపెట్టె ఒక్కటి గుర్తుపెట్టుకోలేకపోయావా మనోరమా" అన్నాడు మా ఆయన హేమచంద్, శామీర్‌పేట చెరువు కట్ట కింద చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని.

కేకు పెట్టె తెరిచి ఉంది. కేకు మీద ఐదు కొవ్వొత్తులు గుచ్చి ఉన్నాయి. కొత్త గౌను వేసుకున్న నా కూతురు లిఖిత ప్లాస్టిక్ చాకు పట్టుకుని నిలబడి ఉంది. అగ్గిపెట్టె లేదు. అదొక్కటి తప్ప తక్కినవన్నీ నేను తెచ్చాను. పులిహోర, ఆవడలు, పెరుగన్నం, మావగారికి కారం తగలని కూర, అత్తగారికి ఉల్లిపాయ పడని కూర, ఆడపడుచు శ్రీలేఖ భర్త బుల్లిబాబు గారికి విడిగా ఆవకాయ సీసా, మంచినీళ్ళ క్యాను, విస్తళ్ళు, పిల్లకి మార్చే బట్టలు, దాని ఆయాసం మందు. నాలుగింటికి లేచాను. మేడ్చల్ నుంచి పిలిపించిన సుమో పేట్ బషీరాబాద్‌లో మా ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టాక హేమచంద్ వంటింట్లోకి తొంగిచూసి, "అయిందా?" అని అడిగాడు. ఆ రోజుకి అతను చేసిన సాయం అది.

తలా ఒక మాట అన్నారు. అత్తగారు అమ్మాజీ గారు, "బడి మీదున్న ధ్యాస ఇంటి మీద ఉంటేగా" అన్నారు. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మావగారు, "ముందురోజే కాగితం మీద రాసుకోవాలమ్మా, ఏ పనికైనా ప్లానింగ్ ఉండాలి" అని బోధించారు. కెమెరా ఒక్కటి భుజాన వేసుకొచ్చిన శ్రీలేఖ, "నేనైతే రాత్రే సర్దేసుకుంటాను వదినా" అంది. వాళ్ళలో ఒక్కరికైనా, ఒక్క వస్తువైనా తెచ్చే బాధ్యత తమదని అనిపించలేదు.

నాకు ఒళ్ళు మండుతున్నది అందుకు కాదు. అగ్గిపెట్టె ఆ చాప మీద కూర్చున్నవాళ్ళ జేబులోనే ఉందని నాకు తెలుసు. సుమో దిగీ దిగగానే హేమచంద్, బుల్లిబాబు గారూ "తూము చూసొస్తాం" అంటూ కట్ట చివరిదాకా వెళ్ళి, పావుగంట తర్వాత సోంపు నములుతూ వచ్చారు. తూము చూడ్డానికి సోంపు దేనికి? అతని ప్యాంట్లు ఉతికేది నేను. జేబు మూలల్లోంచి పొగాకు తుక్కు దులిపేది నేను. జనవరిలో పిల్లకి మొదటిసారి పిల్లికూతలు పట్టి ఆస్పత్రిలో ఉంచినప్పుడు, దాని తల మీద చెయ్యి పెట్టి ఇక ముట్టనని ఒట్టేశాడు. నెల తిరక్కుండానే తుక్కు మళ్ళీ మొదలైంది. అడిగితే, "ఆఫీసులో పక్కవాళ్ళది" అన్నాడు. పక్కవాళ్ళు వచ్చి ఇతని ప్యాంటు జేబులో దులుపుకుని పోతారు కాబోలు.

తండ్రి ముందు కొడుకు సిగరెట్ కాల్చకపోవడం, మామ ముందు అల్లుడు కాల్చకపోవడం మావాళ్ళలో పెద్ద మర్యాద. పిల్ల ఊపిరితిత్తులకి మాత్రం ఏ మర్యాదా చేయక్కర్లేదు. ఏడేళ్ళుగా ఆ గుట్టు నేనే కాస్తున్నాను. మావగారు ఊరినుంచి వచ్చినప్పుడల్లా బాత్‌రూంలో అగరొత్తి వెలిగించేది నేనే. ఇప్పుడూ నోరు మూసుకుని మాటలు పడుతున్నది అందుకే. జేబులోంచి తీస్తే తండ్రికి తెలిసిపోతుంది. తీయకపోతే మాటలు పడేది పెళ్ళాం. అతనికి ఈ రెండిట్లో ఏది తేలికో ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది.

పిల్ల జబ్బుకి కారణం ఎవరో వాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. నేను. "తల్లి ఇంటిపట్టున ఉండకపోతే పిల్లకి రొంప పట్టక ఏమవుతుంది" అని అత్తగారు. "ఆ ముష్టి ఉద్యోగం కోసం పిల్ల ప్రాణం మీదికి తెస్తావా" అని హేమచంద్. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి లెక్కలు చెబుతాను. అక్కడేదో నన్ను నెత్తిన పెట్టుకుంటారని కాదు, కరస్పాండెంటు గారి చుట్టాలొస్తే టీ కప్పులు మోసేది లేడీ టీచర్లమే. అయినా గంట మోగి నేను సుద్దముక్క తీస్తే నలభై మంది నావైపు చూస్తారు. ఇంట్లో నేను మాట్లాడితే టీవీ సౌండు పెంచుతారు. ఆ బడి నాకు కావాలి. కానీ హేమచంద్ ఆఫీసులో టైపు చేయించి తెచ్చిన రాజీనామా కాగితం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. సంతకం పెట్టి సోమవారం ఇచ్చెయ్యాలి. "పిల్లకి పుట్టినరోజు కానుక ఇస్తున్నాననుకో" అన్నాడు. నేను సరేనన్నాను. పిల్ల ప్రాణం అన్నాక ఏ తల్లి సరేననదు?

లిఖిత ఏడుపు అందుకుంది. కొవ్వొత్తులు వెలిగించకపోతే తనకి ఐదేళ్ళు రావట. డ్రైవరు మైసయ్య భోజనానికని బండి వేసుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. బుల్లిబాబు గారిని పంపడానికి లేదు, ఇంటి అల్లుడు. హేమచంద్‌కి కూర్చున్నచోటే కాలు తిమ్మిరెక్కింది. "అదుగో, అక్కడ కంకులు కాల్చే ఆవిడుంది. ఆవిడ దగ్గర ఉంటుంది, వెళ్ళి పట్రా" అన్నాడు నాతో. పిల్ల చెయ్యి పట్టుకుని నడిచాను. ఆగస్టు నెల, మబ్బు పట్టి ఉంది, కట్ట మీద గాలి బాగా వీస్తోంది. ఏడుపు ఆపేసింది గానీ, పిల్ల దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

కంకులావిడ తల మీదుగా ఓణీ కప్పుకుని బొగ్గులు విసురుతోంది. అగ్గిపెట్టె ఒకసారి ఇస్తారా అని అడిగితే నావైపు వింతగా చూసింది.

"నా అగ్గిపెట్టె మీ సారు కాడనే ఉన్నదమ్మా. ఇందాక గా మీసాల సారుతోని వచ్చి, సిగరెట్ ముట్టిచ్చుకుంటనని తీస్కున్నడు. గట్లనే జేబుల ఏస్కొని పోయిండు. నేను పిలుస్తనే ఉన్న, ఇనలే."

"మా సారేనని మీకెలా తెలుసు?"

"నీలం అంగీ ఆయన గాదూ. మీ బండిలకెళ్ళే దిగిండు, చూస్తనే ఉన్న. ఇగ నాకైతే పరేషాన్ అయితాంది, గాలికి బొగ్గులు సల్లారితే మల్ల ఎట్ల ముట్టియ్యాలె." ఒక్క క్షణం ఆగి, "గాయనే నిన్ను పంపిండా?" అంది.

అవునన్నాను. ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పిల్ల పుట్టినరోజని తెలిసి, "ముబారక్ బేటీ" అంటూ ఒక లేత కంకి చేతిలో పెట్టింది. డబ్బాలో రెండు నిప్పులు వేసిస్తాను, తీసుకుపొమ్మంది. పేరు అడిగితే తాహెరా అని చెప్పింది.

"నిప్పులొద్దు తాహెరా. నీ అగ్గిపెట్టె నీకు తెచ్చిస్తాను" అన్నాను.

ఏడేళ్ళు కాపాడిన మాటని పైకి అనడానికి ఎంత ధైర్యం కావాలో అనుకున్నాను. ఏమీ అక్కర్లేదు. చాప దగ్గరికెళ్ళి, మామూలు గొంతుతోనే అడిగాను. "ఏవండీ, ఆవిడ అగ్గిపెట్టె ఇచ్చెయ్యమంటోంది. మీ జేబులో ఉందట."

బుల్లిబాబు గారు చెరువులో కొంగల్ని చూడ్డం మొదలుపెట్టారు. హేమచంద్ చొక్కా జేబు తడిమి చూపించి, "నా దగ్గరేముంది? ఆవిడెవర్ని చూసి ఎవరనుకుందో" అన్నాడు.

అప్పుడు లిఖిత వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళింది. "ఎప్పుడూ ప్యాంటు జేబులోనే పెట్టుకుంటావు కదా నాన్నా" అంది మెల్లిగా. "నేను చెప్పలేదు. ఏడ్చాను గానీ చెప్పలేదు."

"ఏం చెప్పలేదమ్మా?" అన్నాను.

"నాన్న మేడ మీద సిగరెట్టు తాగితే నేను పక్కన ఆడుకోవాలి. అమ్మకి చెప్పకూడదు. చెబితే తాతయ్యకి తెలిసి నాన్నని ఇంట్లోంచి పంపించేస్తారు." అని తాతయ్య వైపు తిరిగి, "పంపించెయ్యకండి తాతయ్యా" అంది.

గుట్టు కాయడం నాకు పెళ్ళయ్యాక అబ్బింది. నా కూతురికి ఐదేళ్ళకే నేర్పాడు. కేకు ముందు నిలబడి, కొవ్వొత్తుల కోసం ఏడుస్తూ, అగ్గిపెట్టె ఎక్కడుందో తెలిసి కూడా పెదవి విప్పలేదు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఒట్టు తప్పినందుకు కాదు. నన్ను పది మందిలో తిట్టినందుకూ కాదు. తన పరువు మొయ్యడానికి నేనొక్కదాన్ని చాలక పసిదాన్ని కూడా పనిలో పెట్టుకున్నందుకు.

హేమచంద్ అగ్గిపెట్టె తీసి ఎవరి ముఖమూ చూడకుండా చాప మీద పెట్టాడు.

మావగారు గొంతు సవరించుకున్నారు. "సర్లే, మగాడన్నాక ఏదో ఒకటి ఉంటుంది. అందరి ముందూ ఇలా నిలదీయడం ఆడవాళ్ళకి పద్ధతి కాదమ్మా. ముందు కేకు కోయించు."

"తెలిసినదానివి నువ్వే నయానో భయానో మానిపించుకోవద్దూ" అన్నారు అత్తగారు. అదీ నా పనేనట.

కొవ్వొత్తులు వెలిగించాను. లిఖిత ఊదింది. ఒకటి ఆరింది. మళ్ళీ ఊదింది. దగ్గు వచ్చింది, ఛాతీలో సన్నగా పిల్లికూత వినపడింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఊదింది. ఐదు కొవ్వొత్తులు ఆర్పడానికి నాలుగుసార్లు ఆగింది నా బిడ్డ. వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

"చూశావుగా దాని పరిస్థితి" అన్నారు మావగారు. "అందుకే నువ్వు సోమవారం ఆ కాగితం..."

"మావయ్యగారూ, సిగరెట్లు ఆయన కాలుస్తుంటే ఉద్యోగం నేను మానడం ఏమిటండీ?" అన్నాను. "ఆ కాగితం ఇవ్వను. సోమవారం బడికి వెళ్తున్నాను."

"ఇంటికి పద, మాట్లాడదాం" అన్నాడు హేమచంద్, పళ్ళు బిగించి.

"మాట్లాడదాం. పిల్ల ముందే మాట్లాడదాం. విస్తళ్ళు ఎర్ర సంచిలో ఉన్నాయి, వడ్డించుకోండి."

కేకు ముక్క ఒకటి కాగితంలో పెట్టుకుని, అగ్గిపెట్టె తీసుకుని, పిల్లతో మళ్ళీ కట్ట ఎక్కాను. వెనక ఎవరో గిన్నె మూత కింద పడేసుకున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు. తాహెరాకి అగ్గిపెట్టె, కేకు ఇచ్చి వస్తుంటే లిఖిత నా కొంగు లాగింది.

"నాన్నకి నా మీద కోపం వచ్చిందా అమ్మా?"

"నీ మీద కాదు, నా మీద."

"మరి నీకు?"

"నాకు ఏడేళ్ళ కిందటే వచ్చింది తల్లీ" అన్నాను. "ఇవాళ పైకి చెప్పాను. నువ్వు మాత్రం అన్నేళ్ళు ఆగకు."