నమ్మశక్యం కాని ఘట్టం

నా నవల అచ్చయిన మూడో నెల, అరవై మూడులో, పట్నం పత్రికలో దాని మీద విమర్శ వచ్చింది. సిరిసిల్ల బడిపంతులికి అంతకు మించిన పండుగేముంటుంది? నిలబడే చదివాను. భాష బాగుందట. చీర అంచు మీద పారే నెమలికంఠం రంగు మూడు గీతల వర్ణన మరీ బాగుందట. "కానీ మొగుడి శవం పక్కన పెట్టుకుని భార్య మగ్గం నేయడం నమ్మశక్యం కాదు. అటువంటి స్త్రీ ఎక్కడా ఉండదు" అని ముగించాడు ఆ మహానుభావుడు.

నాకు ఒళ్లు మండింది. ఉండదా? మా పక్కింట్లోనే ఉంది. భూమవ్వ మొగుడు కొమురెల్లి కరువొచ్చిన ఏడాది జ్వరంతో పోయాడు. చావు బయటపడితే ఇల్లు మైలపడుతుంది, పదకొండు రోజులు మగ్గం ముట్టకూడదు. చీర ఇంకా రెండు మూరలు మిగిలి ఉంది. పిల్లలు పస్తులున్నారు. ఆమె తలుపు మూసి ఆ రెండు మూరలూ నేసి, చీర సావుకారుకు ఇచ్చి కూలి తెచ్చి, అప్పుడు ఏడ్చింది. ఈ సంగతి మా అవ్వకొక్కదానికే చెప్పుకుంది. పక్కన కూర్చున్న నేనూ విన్నాను.

నవలలో పేరు మార్చాను, ఊరు మార్చాను. ఇప్పుడేమో పౌరుషం కొద్దీ పత్రికకు జాబు రాశాను. ఇది కల్పన కాదు, ఆ తల్లి మా ఊళ్లో ఇప్పటికీ బతికే ఉందని. వాళ్లు అచ్చువేశారు. ఆ పత్రికను నేనే తీసుకెళ్లి గ్రంథాలయంలో పెట్టాను, నలుగురూ చూడాలని.

నలుగురూ చూశారు, నవలా తిరగేశారు. సాలెవాడలో ఏ అంచు ఎవరి మగ్గానిదో పిల్లలు కూడా చెబుతారు. ఆ మూడు గీతలు నేసే ఇల్లు భూమవ్వది ఒక్కటే. అక్కడే పుట్టి పెరిగిన నేను ఆ ముక్క మరిచాను. వారం తిరక్కముందే సావుకారు దేవదాస్ ఇక భూమవ్వ చీరలు తీసుకోనన్నాడు. ఆ మైలచీరనే అప్పట్లో తన కూతురి పెండ్లికి పెట్టాడట. ఆ పిల్ల ఏడాదిలోపే విధవయింది.

సోమవారం పొద్దున భూమవ్వ వీధిలో పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, బారుగా చాపి, గంజి కుండ పక్కన పెట్టుకుంది. పడుగుకు గంజి పట్టించడం ఒక్కరివల్ల కాదు. వాడలో ఎవరు పడుగు చాపినా పక్కిళ్లవాళ్లు వచ్చి చేయి వేస్తారు. ఆ రోజు ఎవరూ రాలేదు. మా బాపు కూడా తలుపు దగ్గరికి వేసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ నేను వెళ్లి ఒక కొస పట్టుకున్నాను.

"ఇడువు దశరథం," అంది.

"తప్పయింది చిన్నమ్మా. నిన్ను గొప్పగనే రాసిన."

"నీకన్నా గా పేపరాయన నయం," అంది నా వైపు చూడకుండా. "గసోంటి ఆడిది ఉండదన్నడట. నా ఇజ్జత్ గాయన నిలవెట్టిండు. ఉన్నదని నువ్వే జెప్పినవ్."

నేను కొస విడిచాను. ఆమె ఒక్కతే ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుతూ గంజి పూసింది. ఎండ ముదిరేసరికి పడుగంతా అట్టకట్టి, పోగులు తెగడం మొదలైంది. అప్పటికీ వాడలో ఏ తలుపూ తెరుచుకోలేదు, మాది కూడా.