కింది వాటాలో కేక

అశోక్ నగర్ హాస్టల్లో ఉమాకాంత్‌కి క్రికెట్ పండితుడని పేరు. ఫోన్లో మ్యాచ్ చూస్తూ, బంతి పడకముందే "ఇప్పుడు వికెట్" అంటాడు. పడుతుంది. "ఫోర్" అంటాడు. బంతి బౌండరీ దాటుతుంది. గ్రూప్స్ సిలబస్‌లో ఈ సబ్జెక్టు లేదు గానీ, ఉంటే ఈపాటికి అతను ఆఫీసరే.

అసలు మహిమ అతని మంచం పక్కనున్న కిటికీది. కింది వాటాలో ఇంటి ఓనరు కిషన్ రావు గారు, ఆయన భార్య మహేశ్వరి ఉంటారు. కిషన్ రావు గారి కేబుల్ టీవీలో బంతి ముందే పడిపోతుంది. పైన హాస్టల్ పిల్లల ఫోన్లకు అది కాస్త ఆలస్యంగా వస్తుంది. ఫోర్ పోతే ఆయన చప్పట్లు కొడతారు, వికెట్ పడితే పెద్దగా కేకేస్తారు. ఉమాకాంత్ చెవి కిందికి వేసి, కళ్లు ఫోన్ మీద పెట్టి పందెం కాస్తాడు.

పందెం డబ్బులు కాదు. చిక్కడపల్లి లైబ్రరీలో ఫ్యాను కింద సీటు. అది దొరకాలంటే చీకటితోనే వెళ్లి గేటు ముందు నిలబడాలి. ఓడినవాడు వెళ్లి గెలిచినవాడి పుస్తకం ఆ సీట్లో పెట్టాలి. రూమ్మేట్ అఖిల్ ఈ ఎండాకాలమంతా అదే పనిమీదున్నాడు. నిద్ర చాలక పాలిటీ పుస్తకం మీదే కునుకు తీస్తున్నాడు. ఉమాకాంత్‌కి అప్పుడప్పుడు జాలేసేది, సీటు వదులుకునేంత మాత్రం కాదు.

ఆదివారం సాయంత్రం అఖిల్ తెగించాడు.

"అన్న, ఇదే ఆఖరి పందెం. నువ్వు చెప్పింది అయితే పరీక్షదాక నేనే పోత. తప్పితే నువ్వు పోవాలె."

"సరే తియ్."

కాసేపటికి కింద నుంచి పెద్ద కేక వినబడింది.

"వికెట్. ఈ బాల్‌కే," అన్నాడు ఉమాకాంత్ తాపీగా.

ఫోన్లో బౌలర్ పరుగెత్తాడు. బ్యాటరు బంతిని మెల్లగా తోసి ఒక పరుగు తీశాడు. అఖిల్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"ఆగు, నెట్ స్లో ఉన్నది. వచ్చే బాల్ చూడు."

ఆ బంతికీ ఏమీ కాలేదు. ఆ తర్వాతది సిక్సర్. కింద చప్పట్లు లేవు. ఉమాకాంత్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఏంది ఈ ముసలాయన? వికెట్ పడకుంట ఎందుకు ఒర్రిండు?"

తన గుట్టు తానే విప్పుకున్నానని అతనికి తట్టలేదు. అఖిల్‌కి తట్టింది. కానీ అతను అన్నది వేరే.

"మహేశ్వరి ఆంటీ పొద్దుగాలనే కవాడిగూడకు పోయింది గదనే. ఇంట్ల అంకుల్ ఒక్కడే ఉన్నడు."

అంటూనే మెట్లు దిగాడు. ఉమాకాంత్ వెనకాలే పరుగెత్తాడు. కిషన్ రావు గారు వంటింటి గడప దగ్గర, ఒలికిన నీళ్లలో పడి ఉన్నారు. కాలు పక్కకు తిరిగిపోయింది. ముఖమంతా చెమట. పిల్లల్ని చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గంతగనం కేకేస్తి గద బిడ్డా. పైకి వినవడలేదా?"

అఖిల్ అంబులెన్సుకు ఫోన్ చేస్తూ ఉమాకాంత్ వైపు చూశాడు. ఉమాకాంత్ సిగ్గుతో తల దించుకున్నాడు. వినబడకేం? హాస్టల్ మొత్తంలో ఆ కేక కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నది అతనొక్కడే.