గంగులు ఎడమకంటికి ఆధారం

అట్టముక్కనని తేలిగ్గా తీసిపారేయకండి. నేను ఒక గ్రంథాలయ సూచీ కార్డును. అయిదంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, కింది అంచున సొరుగు ఊచ దూరడానికి ఒక రంధ్రం. ఏదో కాగితపు మిల్లులో పుట్టి, సామర్లకోట శాఖా గ్రంథాలయానికి చేరాను. అక్కడ నా మీద కోళ్ల పెంపకం గురించిన ఒక పుస్తకం పేరు టైపు చేశారు. పద్దెనిమిదేళ్లు ఆ పేరు మోశాను. ఆ కాలంలో ఆ పుస్తకాన్ని అడిగినవాళ్లు ముగ్గురు. అందులో ఒకాయన పొరపాటున అడిగాడు.

గ్రంథాలయానికి కంప్యూటరు వచ్చాక మమ్మల్ని గోనెసంచుల్లోకి ఎత్తారు. అక్కడే పనిచేసే వాసంశెట్టి హైమవతి, పైవాళ్ల దగ్గర అనుమతి రాయించుకుని మరీ, ఒక సంచిని ఇంటికి తెచ్చుకుంది. మా వెనకవైపు ఖాళీగా ఉంటుంది. ఆమెకు కావలసింది అదే.

హైమవతికి 'నల్లేటి రాజ్యం' అంటే ప్రాణం. అదొక ఆరు సంపుటాల మాయాలోకపు నవల. నల్లేరు అనే నది, దాని ఒడ్డున ఏడు కోటలు, అమ్ముడుపోయే నీడలు, ఇలాంటివి అందులో ఉంటాయి. ఆ నవలను ఆరాధించే నలభై మంది కలిసి దానికి ఒక దర్శిని తయారు చేస్తున్నారు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ కోటకు ఎన్ని మెట్లు, ఏ మంత్రం ఎక్కడ బెడిసికొట్టింది, అన్నీ అకారాది క్రమంలో. సంపాదకురాలు హైమవతి. ఆమె పెట్టిన నియమం ఒక్కటే: ప్రతి సంగతికీ సంపుటం, అధ్యాయం, పుట చూపించాలి. చూపించలేనిదాన్ని తీసేయాలి. మనుషులు ముత్తాత పేరును ఏ ఆధారమూ అడక్కుండా నమ్ముతారు. లేని నది ఒడ్డున లేని కోటకు మెట్లెన్నో చెప్పాలంటే మాత్రం పుట సంఖ్య కావాలి.

ఆ నియమం దెబ్బ ఎక్కువగా తిన్నవాడు దువ్వూరి కామేశం. పిఠాపురం దగ్గర ఒక పల్లెలో పోస్టుమాస్టరు. మూడో కోట తలుపు వేపచెక్కతో చేసిందని రాసి పంపాడు. హైమవతి ఆరు సంపుటాలూ గాలించి, "మీకు గుర్తుండటం ఆధారం కాదండీ" అని జవాబు రాసింది. అలా ఆయన పంపినవాటిలో యాభై రెండు కొట్టేసింది. ఆయన రెండు నెలలు ఫోన్ చేయలేదు. తరవాత తనంతట తనే, అచ్చుకు ముందు మొత్తం సరిచూసే పని అడిగి తీసుకున్నాడు.

నా వెనకవైపు హైమవతి ఇలా రాసింది: "గంగులు. నల్లేటి మీద పడవ నడిపేవాడు. ఎడమకన్ను లేదు." ఆధారం అన్నచోట ఖాళీ వదిలింది. అంత తెలిసిన సంగతికి తరవాత చూసి రాయొచ్చులే అనుకుంది.

అచ్చుకు ఇంకో నెల ఉందనగా కామేశం ఫోన్ చేశాడు.

"హైమవతిగారూ, గంగులు కన్ను ఎక్కడ పోయిందండీ?"

"అదేంటండీ, పోయింది కదా. అందరికీ తెలిసిందే."

"నాకు తెలీదండి. ఆరూ చూశాను. రెండుసార్లు."

ఆయన గొంతులో ఆనందం ఏమీ లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టినట్టుంది. ఆరోజు నుంచి పంతొమ్మిది రోజులు మళ్లీ మొత్తం చదివింది. గంగులు పదకొండు చోట్ల వస్తాడు. మీసం ఉంది, పొగాకు ఉంది, తెడ్డు మీద చెక్కిన చేప ఉంది. కన్ను గురించి ఒక్క ముక్క లేదు.

అయినా ఆ కన్ను ఆమెకు కనబడుతూనే ఉంది. తొమ్మిదో ఏట టైఫాయిడ్‌తో మంచాన పడితే నాన్న రోజూ సాయంత్రం పక్కన కూర్చుని ఆ నవల చదివి వినిపించాడు. ఆమె చదువు, ఉద్యోగం, ఈ దర్శిని, అన్నీ ఆ మంచం దగ్గర మొదలయ్యాయి.

ఒక ఆదివారం ఉదయం నన్ను చేత్తో పట్టుకుని వరండాలోకి వెళ్లింది. ఆమె తండ్రి పోతురాజు రైల్వే గూడ్సు షెడ్డులో ముప్పయ్యేళ్లు మూటలు మోసినవాడు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు.

"నాన్నా, గంగులుకి ఎడమకన్ను లేదని నువ్వు ఏ పుస్తకంలో చదివావు?"

పోతురాజు చేతిలో కాయ పూర్తిగా వలిచి గిన్నెలో వేశాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"నాకు చదవటం రాదమ్మా."

హైమవతి పక్కనే కూర్చుండిపోయింది.

"మరి రోజూ పుస్తకం పట్టుకుని..."

"షెడ్డులో సత్యానందంగారని గుమాస్తా ఉండేవోరు. టీ టైములో ఆయన చదివితే వినేవోడిని. పుస్తకం అడిగి తెచ్చుకునేవోడిని. నీ ముందు ఊరికే తెరిచేవోడిని. పేజీ ఎప్పుడు తిప్పాలో తెలీదు కదా, యాభై దాకా లెక్కెట్టి తిప్పేవోడిని."

"కన్ను?"

"ఆరోజు సగంలో బండొచ్చేసింది. మూటలు దించాల. మిగతా సగం కథ నేనే కట్టాను. మా మేస్త్రికి ఎడమకన్ను ఉండేది కాదు. మంచోడు." ఇంకో కాయ అందుకుంటూ అన్నాడు, "చెప్పేద్దావనుకున్నాను. నువ్వు పెద్ద చదువులు చదివేశావు. ఇంక సిగ్గేసింది."

నన్ను పట్టుకున్న హైమవతి వేళ్లు చెమర్చాయి. నా అంచు ఇప్పటికీ అక్కడ కొంచెం ఉబ్బి ఉంటుంది. నియమం ప్రకారం కన్ను కొట్టేయాలి. కొట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె కలం తీసింది, మూత పెట్టింది, మళ్లీ తీసింది.

"నాన్నా, నీ పేరు రాయనా?"

"నాకు చదవటం రాదని అచ్చులో పడుద్దా?"

"పడదు. నువ్వు చెప్పావని పడుద్ది."

ఆయన ఆలోచించాడు. "అయితే ఇంటిపేరుతో రాయి."

ఆమె రాసింది: "ఆధారం: వాసంశెట్టి పోతురాజు, సామర్లకోట గూడ్సు షెడ్డు. నోటిమాట, 1988. గ్రంథంలో లేదు." తరవాత కామేశానికి ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. యాభై రెండింటికీ క్షమాపణ అడిగింది.

"వేపచెక్క సంగతి నాకు మా అమ్మ చెప్పిందండి," అన్నాడు కామేశం. "అలా రాయొచ్చని తెలీక రాయలేదు."

దర్శిని అచ్చయింది. చివర్లో 'నోటిమాటలు' అని వేరే భాగం కలిపారు. పోతురాజు తన పేరున్న పుట మీద హైమవతి చేత పెన్సిలుతో గీత గీయించుకున్నాడు. ఇంటికొచ్చినవాళ్లకు తెరిచి, ఆ గీత మీద వేలు పెట్టి చూపిస్తాడు. వేలు తప్పు వరస మీదికి ఎప్పుడూ పోలేదు.

పోయిన నెలలో కామేశం మొదటిసారి వాళ్లింటికి వచ్చాడు. కాఫీ తాగాడు. పోతురాజు ఎదురుగా కుర్చీ లాక్కుని, సంచిలోంచి నాలాంటి కార్డొకటి, కలం తీశాడు.

"పోతురాజుగారూ, గంగులు గురించి ఇంకేమన్నా ఉందాండీ?"

పోతురాజు వీధివైపు చూశాడు.

"ఈత రాదండి," అన్నాడు.

కామేశం తలెత్తాడు. "పడవ నడిపేవాడికా?"

"ఆయ్. రాదు. ఎవరికీ చెప్పలేదు. ఎంతమందినో దాటించేశాడు కానీ."

కామేశం దాన్ని గుండ్రటి అక్షరాలతో పొందికగా రాసుకున్నాడు. రాశాక నియమం ప్రకారం అడిగాడు: "ఇది మీకు ఎప్పుడు తెలిసిందండీ?"

"ఇప్పుడేనండి."

కామేశం గోడమీద క్యాలెండరు చూసి, తేదీ వేశాడు.