ఎర్రగుడ్ల సీమకోడి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఓర్వకల్లులో కూలి చేసుకునే ఈరక్కకు సర్కారు గ్రామసేవకుడు ఓబులేసు, ఊళ్లలో పంచడానికి వచ్చిన విదేశీ జాతి కోళ్లలోంచి ఒక తెల్ల సీమకోడిని ఇచ్చిపోయాడు. నాటుకోడి కంటే మూడింతలు గుడ్లు పెడుతుందని చెప్పాడు. కోడి రోజూ పెట్టింది కానీ ఒక్క గుడ్డుకూ పెంకు లేదు. చేతిలోకి తీసుకుంటే నీళ్ల తిత్తిలా జారిపోయేది.

"దానికి ఒంట్లో సున్నం తక్కువుండాదక్కా. రోజూ రవ్వంత పెట్టు," అన్నాడు ఓబులేసు.

ఈరక్క ఇంట్లో సున్నం ఉండేది ఆకువక్కల సంచిలోనే. మరునాటి నుంచి తను ఆకు వేసుకున్నప్పుడల్లా కోడికీ పెట్టింది. వారం తిరిగేసరికి గుడ్లకు గట్టి పెంకు వచ్చింది. కాకపోతే అది కుంకుమ రంగులో ఉంది.

ఊరంతా వచ్చి చూసిపోయింది. సీమకోళ్ల తెల్లగుడ్లు రోగిష్టివని ముట్టనివాళ్లు కూడా వీటికోసం ఎగబడ్డారు. చివరికి కర్నూలు నుంచి పశువుల శాఖ అధికారి జీపులో దిగాడు. ఈరక్క రెండు ఎర్రగుడ్లతో అట్టు పోసి పెట్టింది. ఇంత కమ్మటి గుడ్డు తన సర్వీసులో తినలేదన్నాడాయన.

"దీనికి ఏం మేత పెడతావమ్మా?"

"ఆకు, వక్క, సున్నం సామీ."

"వక్క గట్టిది కదా, కోడి ఎట్లా తింటుంది?"

"దానికి పండ్లు యాడుండాయి సామీ? నేనే నమిలి పెడతాండా."

అధికారి దవడ ఆగిపోయింది. కాసేపు పళ్లెంలోకి, కాసేపు ఈరక్క ఎర్రటి నోటివైపు చూశాడు. తర్వాత మిగిలిన ముక్క కూడా తినేశాడు. ఓబులేసును పిలిచి, ఈ ఊరికి ఇంకో యాభై కోళ్లు పంపుతానని, ఆకువక్క వేసుకునే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో కనుక్కోమని చెప్పాడు.