పై తలుపు, కింది తలుపు

నడుము దూలానికి ఆనించి, కాళ్ళు రాళ్ళ సందుల్లో తన్నిపెట్టి, లాకులమ్మ కాలువ లాకు పై తలుపులు నెట్టింది. రోజూ ఒకసారి తెరిచి మూయకపోతే చెక్క బిగుసుకుపోతుంది. ఆఖరి పడవ వచ్చి మూడేళ్ళయింది, మొగుడు పోయి పదకొండేళ్ళయింది. ఆ పని మాత్రం మానలేదు.

ఒకప్పుడు లాకు దాటడానికి పడవలు ఇక్కడ వరసలో ఆగేవి. ఆగినవాళ్ళ ఆకలికీ నిద్రకీ నాలుగు కొట్లు వెలిసి, అదే ఊరయింది. రైలొచ్చాక ఊరు స్టేషను వైపు మొహం తిప్పుకుని, కాలువ వైపు చెత్త పోసింది. ఆ రైలింజన్లు తాగేది మాత్రం కాలువ నీళ్ళే. ఆ నీళ్ళు తోడే పంపు మనిషి ఆమె మరిదే. అన్న చనిపోయిన నెల నుంచీ లాకు ఇంటి మీదే అతని కన్ను.

ఇవాళ కాగితం పట్టుకొచ్చాడు. లాకు ఎత్తేశారట. మధ్యాహ్నానికల్లా తలుపులూ, తూము పలకలూ అన్నీ తెరిచేసి, పలకలెత్తే తిప్పుడు కడ్డీ అప్పగించి, ఇల్లు ఖాళీ చేయాలట. ఇల్లు పంపు మనిషికి రాశారట. అర్జీ పెట్టింది తనేనని దాచను కూడా లేదు.

ఎగువ నుంచి నీళ్ళు వదలడం ఎప్పుడో మానేశారు. ఉన్నది ఈ తలుపులు పట్టి ఉంచిన నీరే. ఒకటి మూయందే రెండోది తెరవకూడదని కాపురానికొచ్చిన వారానికే మొగుడు నేర్పాడు.

“రెండూ తెరిస్తే చుక్క మిగలదబ్బాయ్. నీ ఇంజనుకేం పోస్తావు?”

“పడవల్లేని లాకుకి నువ్వో ఇంజనీరువి. ఆఫీసువాళ్ళకి తెలీదా? చెప్పింది చెయ్యి వదినా.”

“కాగితంలో అలాగే ఉందా?”

“అక్షరం పొల్లు పోకుండా.”

స్టేషనుకు పోయి మాస్టరుకు చెప్పవచ్చు. పదకొండేళ్ళుగా తన గుమ్మం ముందు బొగ్గు బూడిద కుమ్మరించినవాళ్ళకు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పలకలు ఒక్కొక్కటే ఎత్తింది, పై తలుపులూ కింది తలుపులూ తెరిచింది. నీళ్ళు చప్పుడు లేకుండా దిగువకు జారుకున్నాయి. కడ్డీ మరిది చేతిలో పెట్టి, మూట నెత్తికెత్తుకుని, రైలు మొహం చూడకుండా గట్టు వెంట అక్క ఊరికి నడిచిపోయింది. మళ్ళీ రాలేదు.

సాయంత్రం ఇంజను వచ్చి తొట్టి కింద ఆగింది. పంపు రెండు గుటకలేసి బురద కక్కింది. మరిది పరుగున పోయి తలుపులు మూసి, పలకలన్నీ దించాడు. ఆపడానికి నీళ్ళేవీ? స్టేషను మాస్టరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు. పని లేకపోతే ఇల్లూ లేదు. నోరు పిడచగట్టుకుపోయి అతను లాకు ఇంట్లోకి అడుగుపెట్టాడు.

శుభ్రంగా ఊడ్చిన గదిలో, ఓ మూల, అంచుదాకా నింపిన మంచినీళ్ళ కుండ, దాని మూత మీద బోర్లించిన గ్లాసు.